వకీల్ సాబ్ పారేసిన రాణి

వకీల్ సాబ్ చనిపోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. నిజామాబాదులో పరీక్ష పేపర్లు అప్పజెప్పి బోధన్‌కు తిరిగి వస్తున్నాను. నా ముందు సీట్లో ఇద్దరు మగవాళ్లు కూర్చున్నారు. మాటల్ని బట్టి చూస్తే ఇద్దరూ కోర్టు కచేరీ పనుల మీద తిరిగేవాళ్లే. ఒకాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకొని, "షేర్వానీ వకీల్ సాబ్ పొద్దుగాల పోయిండంట, ఎర్కేనా?" అన్నాడు.

"మంచి మనిషి," అన్నాడు రెండో ఆయన. "గని పత్తాలాటల రాణిని ఊకెనే పారేసిండు. గప్పటిసంది క్లబ్బుకు గూడ పోలే పాపం."

బోధన్‌లో ఆయన్ని ఎరిగినవాళ్లలో చాలామందికి తెలిసింది ఆ ఒక్క కథే. ఆయన గెలిపించిన భూమి తగాదాలు, ఉర్దూలో గుక్క తిప్పుకోకుండా చేసిన వాదనలు, ఇవేవీ జనానికి గుర్తులేవు. పేకాటలో చేతిలో ముక్క ఏదో తెలియక రాణిని పారేసుకున్న ముసలి వకీలుగా మిగిలిపోయాడు. బస్సు చెరుకు బండ్ల వెనక చిక్కుకొని నడక నడుస్తోంది. నాకు ఏడుపు రావాల్సిన చోట ముందు కోపం వచ్చింది. నా తత్వమే అంత, మా ఆయన ఎప్పుడూ అంటుంటాడు.

ఆయన్ని నేను మొదటిసారి దగ్గరగా చూసింది ఫ్యాక్టరీలో చెరుకు ఆడించే ఒక క్రషింగ్ సీజన్‌లో. అప్పటికి నేను బోధన్ బడిలో తెలుగు పంతులమ్మను. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. పెళ్లైన కొత్తలో వానాకాలం సాయంత్రాలు తోచక ఆయనే నాకు బ్రిడ్జి నేర్పాడు. నలుగురు ఆడే ఆట అది. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒక జోడీ. తలా ఒక ముక్క వేస్తే పెద్దముక్క వేసినవాళ్లది ఆ పట్టు, అడిగిన రంగు చేతిలో లేనివాళ్లు తురుపుతో కోయొచ్చు. మేమిద్దరమే నలుగురి ముక్కలూ పంచుకొని, ఒకరి తప్పులు ఒకరం ఎంచుకుంటూ ఆడేవాళ్లం. నాకు దేంట్లోనైనా తెలివి ఉందని నాకు తెలిసింది ఆ ఆటలోనే. బడిలో పాఠం చెప్పడం అలవాటైపోయిన పని, వంట అందరూ చేసేదే. ముక్కలు చేతిలోకి వస్తే మాత్రం నా బుర్ర నాకే కొత్తగా ఉండేది.

క్రషింగ్ మొదలైతే మగవాళ్లంతా షిఫ్టుల్లో పడతారు. శక్కర్‌నగర్ దారిలో ఉన్న ఆ చిన్న క్లబ్బులో బ్రిడ్జి బల్ల దగ్గరికి నాలుగో మనిషి దొరకడు. ఆడవాళ్లం వరండాలో కూర్చొని కబుర్లు చెప్పుకునేవాళ్లం. పేకగది గుమ్మం దాటి లోపలికి పోయే అలవాటు మాకు లేదు, పోవద్దని ఎవరూ రాసి పెట్టకపోయినా. ఒక సాయంత్రం క్లబ్బు సెక్రెటరీగా ఉన్న వకీల్ సాబ్ ఆ గుమ్మంలోకి వచ్చి, బ్రిడ్జి ఎవరికైనా వస్తుందా అని మమ్మల్ని అడిగాడు. అందరూ నవ్వారు. నేను వస్తుందన్నాను. ఆయన నవ్వలేదు.

"రాండ్రి మరి పంతులమ్మా. పంచిన ముక్కలు చల్లారిపోతున్నయి," అన్నాడు.

పొడుగు మనిషి. ఎండాకాలంలోనూ షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. రాష్ట్రం కలిసి, కోర్టుల్లోంచి ఉర్దూ మెల్లగా జారుకుంటున్న రోజులవి. ఆయన దగ్గరికి వచ్చే కక్షిదారులు తగ్గారు. దాని గురించి ఆయన నోటినుంచి ఒక్క మాటైనా వినలేదు. టీ తెప్పిస్తే సగం కప్పే తాగేవాడు, మిగతా సగం సాసరులో పోసి జోడీ వైపు జరిపేవాడు. మొదటిరోజు ఆ సాసరును ఏం చేయాలో తెలియక అట్లాగే చూస్తూ కూర్చున్నాను. జోడీకి టీ ఇవ్వనివాడికి ఆట రాదని ఆయన నమ్మకమట.

ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి వచ్చే నల్లటి నుసి కిటికీలోంచి పడి ముక్కల మీద వాలేది. ఆయన ఒక్కో ముక్కను షేర్వానీ చేతికి రాసి తుడిచి, కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూసి, చేతిలో పేర్చుకునేవాడు. రంగుల వారీగా సర్దుకునేవాడు కాదు. ఏది ముందొస్తే అది ముందు. ఇస్పేటు పక్కన ఆఠీను, దాని పక్కన ఇంకో ఇస్పేటు. చూస్తే నాకు ఒళ్లు మండేది, నేను పిల్లల కాపీ పుస్తకాలు కూడా వరుస తప్పితే ఒప్పుకోని మనిషిని. ఎందుకట్లా అని అడిగితే, ఎదుటివాడు మన ముక్కల్ని చూడలేడు గానీ మన చెయ్యి ఎక్కడినుంచి తీస్తోందో చూస్తాడు, సర్ది పెట్టుకుంటే సగం చెప్పేసినట్టే అన్నాడు.

ఆయనకు ఇన్ని పట్లు చేస్తానని పాట తీసుకొని ఆడటం మీద మోజు లేదు. ఎదురాట ఆయన ప్రాణం. పాట తీసుకున్నవాడికి తన జోడీ ముక్కలు బల్లమీద పరిచి కనిపిస్తాయి. ఎదురాడేవాళ్లు మాత్రం జోడీ చేతిలో ఏముందో ఊహించుకోవాలి. మనిషి మీద నమ్మకం ఉంటే తప్ప ఆ ఆట నడవదని ఆయన అనేవాడు. అందులోనూ తురుపు ముక్కలంటే మరీ. అందరూ తురుపు పట్లు చేతిలో ఎన్ని ఉంటే అన్నే వస్తాయనుకుంటారు. లేని పట్టును పుట్టించడం ఆయనకు తెలుసు.

నా మొదటి పాఠం నా తొందరపాటుతోనే మొదలైంది. ఆరోజు తురుపు ఇస్పేటు. నా చేతిలో రాజు, పది, మూడు. పాట తీసుకున్నాయన నా కన్నా ముందు రాణితో కోశాడు. నా దగ్గర రాజు ఉంది కదా, ఇంకేం, దాని మీద కోసి పట్టు లాక్కొని మురిసిపోయాను. వకీల్ సాబ్ ఆట ముగిసేదాకా నోరు విప్పలేదు. మిగతా ఇద్దరూ లేచిపోయాక ఆ ముక్కల్నే మళ్లీ పరిచి, అదే చోటికి వచ్చి, రాజును నా చేతిలోకి వెనక్కి నెట్టి, పనికిరాని ముక్క ఒకటి వేయించాడు. ఎదుటి చేతిలో ఆసు, జాకి, చిన్నవి మిగిలాయి. ఆసుకు నా మూడు పోయింది. జాకిని నా రాజు కొట్టింది. ఇక నా పదిని కొట్టే ముక్క ఎవరి దగ్గరా లేదు. తొందరపడి నేను ఒక్క పట్టుతో సరిపెట్టుకున్నాను, ఓపిక పడితే రెండు వచ్చేవి.

"చేతిల ఉన్నదని కోయొద్దు కొన్నిసార్లు," అన్నాడు. "గని ఆలోచించుకుంట ఆగొద్దు పంతులమ్మా. జర ఆగిండ్రంటే రాజు మీకాడ ఉన్నదని ఎదుటోనికి చెప్పినట్టే."

అది ఆయనకే చెల్లింది. ఆయన ముఖంలో ఏ ముక్కా కనిపించేది కాదు. 

రెండో పాఠం రాణి గురించి. మన దగ్గర తురుపు రాణి, పక్కన ఒక్క చిన్న ముక్క ఉందనుకోండి. ఎదుటివాడి దగ్గర ఆసు, రాజు ఉన్నాయి. వాడు రెండుసార్లు తురుపు లాగితే రాణి చచ్చినట్టు పడాల్సిందే. అందుకని కోసే అవకాశం వచ్చినప్పుడు చిన్నదాన్ని దాచుకొని రాణితోనే కోయాలంటాడు. ఎదుటివాడు ఊరుకుంటే రాణి పట్టు మనది. ఊరుకోక రాజుతో కోస్తే అతని చేతిలోంచి ఒక పెద్దముక్క బయటపడిపోతుంది, ఆ సందులో మన జోడీ చేతిలో ఉన్న పదో తొమ్మిదో పెద్దదవుతుంది.

"ఎట్లైనా చచ్చే రాణి," అనేవాడు. "ఉత్తగ చావనియ్యొద్దు."

దానికొక షరతు ఉంది. మిగతా రంగుల్లో మనకు రావాల్సిన పట్లు ముందే తీసేసుకోవాలి. లేకపోతే ఎదుటివాడు రాణి మీద కోయకుండా, తనకు ఎట్లాగూ ఓడిపోయే ముక్కను దాని కింద వదిలించుకొని బయటపడతాడు. ఇల్లు సర్దుకొని బయల్దేరాలి అని ఆ షరతును గుర్తు చేసేవాడు. నేను దాన్ని ఎన్నిసార్లు మరిచిపోయానో చెప్పను. మరిచిన ప్రతిసారీ ఆరోజు టీలో నా సగం ఆయనే తాగేసేవాడు.

ఆ సీజనంతా నేను పేకగదిలో ఆడాను. బడి నుంచి వచ్చి, ఇంత వండిపెట్టి, చీర మార్చుకొని క్లబ్బుకు పోవాలంటే కాళ్లకు తొందర పుట్టేది. ఆ కుర్చీ నా చేయి దాటిపోతుందేమోనని లోపల భయం కూడా ఉండేది. ఆ భయం ఉత్తదేం కాదు.

క్రషింగ్ ఆగిన రోజు ప్రెసిడెంట్ సాబ్ మా బల్ల దగ్గరికి వచ్చాడు. పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన మనిషి, క్లబ్బుకు స్థలం ఇచ్చింది ఆయనే. గట్టిగా మాట్లాడడు, మాట్లాడాల్సిన అవసరం రాదు. మా ఆయన్ని జోడీగా కూర్చోబెట్టుకొని, ముక్కలు పంచుతూ నాతో ఎంతో మర్యాదగా చెప్పాడు. సీజన్ అయిపోయింది, మగవాళ్లు రేపటినుంచి వచ్చేస్తారు, పంతులమ్మ బాగా ఆదుకుంది, శుక్రియా అన్నాడు. మా ఆయన తన ముక్కల్లోకి చూసుకుంటున్నాడు.

ప్రెసిడెంట్ సాబ్ ఇస్పేటు తురుపు మీద నాలుగు పాట తీసుకున్నాడు. అంటే మొత్తం పదమూడు పట్లలో పది చేయాలి. మాకు నాలుగు వస్తే ఆయన ఓడినట్టు. నా చేతిలో తురుపు పది, నాలుగు, మూడు. డైమన్ ఆసు, రాజు వేసి రెండు పట్లు తీసుకున్నాను. దాంతో వకీల్ సాబ్ దగ్గరా ప్రెసిడెంట్ సాబ్ దగ్గరా డైమన్లు అయిపోయాయి. మూడో డైమన్ మీదికి నా చేయి పోయింది. పోయి ఆగింది. ముందు ఇల్లు సర్దుకోవాలి. ఆఠీను ఆసు వేసి మూడో పట్టు తీసుకున్నాను, అప్పుడు వేశాను మూడో డైమన్. బల్లమీద పరిచిన మా ఆయన ముక్కల్లోంచి ఒక డైమన్ పడింది. వకీల్ సాబ్ దగ్గర తురుపుల్లో రెండు ముక్క, రాణి ఉన్నాయి. ఎవరైనా రెండుతో కోస్తారు. ఆయన రాణిని తీసి, షేర్వానీ చేతికి తుడిచి, మెల్లగా బల్లమీద పెట్టాడు.

మా ఆయన తలెత్తి చూశాడు. ప్రెసిడెంట్ సాబ్ చిరునవ్వుతో రాజు వేసి కోశాడు. ఆసు లాగాడు, నా మూడు పోయింది. జాకి లాగాడు, నాలుగు పోయింది. తర్వాత నింపాదిగా తొమ్మిది వేశాడు. దాని మీద నా పది పెట్టాను. అది మా నాలుగో పట్టు.

ప్రెసిడెంట్ సాబ్ ముక్కలు దగ్గరికి తీస్తూ, వకీల్ సాబ్ కళ్లు మసకబారినట్టున్నాయి, రెండనుకొని రాణి వేశాడు, అదృష్టం పంతులమ్మది అన్నాడు. నేను నోరు తెరిచాను. వకీల్ సాబ్ నావైపు చూశాడు. ఆ చూపుకు మూసుకున్నాను.

"కావచ్చు సాబ్. ముసలితనం," అన్నాడు ఆయన.

బజారులో తిరిగే కథ అక్కడ పుట్టింది. బయటకు వచ్చాక, ఎందుకట్లా ఒప్పుకున్నారని నిలదీశాను. చెప్తే మళ్లీ ఇంకోసారి చేయనిస్తారా అని నన్నే అడిగి, ఖాళీ చెరుకు బండ్ల మధ్య నుంచి నడిచి వెళ్లిపోయాడు.

ఎండలు ముదిరాక క్లబ్బు సాలీనా మీటింగు వచ్చింది. దానికి కొన్ని రోజుల ముందు ఆయన సెక్రెటరీ పని వదిలేశాడు. పుస్తకాల బీరువా, గదుల తాళాలు, అన్నీ వేరేవాళ్లకు అప్పజెప్పాడు. వయసైపోయింది అన్నాడట. ఇల్లు సర్దుకుంటున్నాడని నాకు తట్టనే లేదు.

మీటింగు నాడు మేం వరండాలోనే ఉన్నాం. కిటికీలోంచి మాటలు వినిపిస్తున్నాయి. వకీల్ సాబ్ లేచి, ఆడవాళ్లకు వాళ్ల వాళ్ల పేర్ల మీదే సభ్యత్వం ఇవ్వాలని, పేకగదితో సహా ఏ గదిలోనైనా కూర్చునే హక్కు ఉండాలని ప్రతిపాదించాడు. లోపల గుసగుసలు లేచాయి. కొందరికి ఒప్పుకోవాలనే ఉందని ఆ సద్దును బట్టి తెలుస్తోంది. అప్పుడు ప్రెసిడెంట్ సాబ్ లేచాడు.

"ఇది పాసైతే నేను మళ్ల ఈ గడప తొక్క. గంతే," అన్నాడు.

లోపల ఒక్క చెయ్యి లేవలేదు. మా ఆయన చెయ్యి కూడా. వకీల్ సాబ్ అందరికీ సలాం చేసి, ఓడినవాడు కుర్చీ పట్టుకొని వేలాడకూడదని చెప్పి, తన సభ్యత్వం వదులుకుంటున్నానని అక్కడే ప్రకటించి బయటకు వచ్చాడు. మా ముందు నుంచే మెట్లు దిగి పోయాడు. మెట్ల దగ్గర గోడను చేత్తో తడుముకున్నాడు. నా కుర్చీ ఇక రాదని, ఆయన కుర్చీ కూడా నా వల్లే పోయిందని ఆ రాత్రంతా కుమిలిపోయాను. ఇంట్లో మా ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు వకీల్ సాబ్ ఇంటికి పోయాను. దండెం మీద షేర్వానీ ఆరేసి ఉంది. ఉత్త లాల్చీలో ఆయన్ని చూడటం అదే మొదలు, చిన్న మనిషిలా కనిపించాడు. ఆయన భార్య టీ తెచ్చింది. ఎప్పట్లాగే సగం సాసరులో పోయబోయి, కొంత చాప మీద పోశాడు. ఎవరడిగారు మిమ్మల్ని, ఉన్నదీ పోగొట్టుకున్నారు కదా అని నేను దులిపేశాను. పెద్దాయన అన్న మర్యాద కూడా మరిచాను. అంతా విన్నాడు.

"ఇన్నేండ్లల్ల ప్రెసిడెంట్ సాబ్ గా మాట ఎన్నడన్న అన్నడా?" అని అడిగాడు.

లేదన్నాను.

"అనే అవసరం పడలే. గది ఆయన రాజు. ఎప్పటికీ చేతులనే ఉంటదని అందరికి భయం. నిన్న తీసి బల్లమీద ఏసిండు. ఒక్కపారి అంటే ఇజ్జత్. మళ్ల మళ్ల అంటే నవ్వుతరు." సాసరును నావైపు జరిపాడు. "వచ్చేయేడు నువ్వు అడుగు బిడ్డా. నీ పేరు మీద నువ్వే అడుగు."

అంతకుముందు ఎప్పుడూ నన్ను బిడ్డా అనలేదు, నువ్వు అనలేదు. 

"మరి మీ సంగతి?" అన్నాను.

"డాక్టరు చెప్పిండు, కంటి నరం ఎండిపోతున్నదంట. కోసినా బాగయ్యేది గాదంట. వచ్చే క్రషింగ్ నాటికి నాకు ముక్కలు కనవడయి." సాసరు అంచును వేలితో తడిమి, "ఎట్లైనా చచ్చే రాణే గద," అన్నాడు.

ఆయన భార్య లేచి లోపలికి పోయింది. నేను ఆ టీ తాగలేకపోయాను. పోయే రాణే కావచ్చు. కానీ పోయేదాకా అది ఆయనది కదా, ఆ మిగిలిన నాలుగు సాయంత్రాలూ ఆయన ఆడుకోవచ్చు కదా.

తర్వాతి క్రషింగ్‌లో మళ్లీ నాలుగో మనిషి దొరకలేదు. వరండాలో కూర్చున్న నన్ను పిలవడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు. చాలా సాయంత్రాలు బల్ల మడిచే ఉంది. ఆ ఎండాకాలం మీటింగుకు నేనే గుమ్మంలో నిలబడి, నా పేరు చెప్పి, సభ్యత్వం ఇవ్వమని అడిగాను. ప్రెసిడెంట్ సాబ్ లేచాడు. "నేను మళ్ల ఈ గడప..." అని మొదలుపెట్టాడు. వెనక ఎవరో దగ్గారు. ఇంకెవరో నవ్వు ఆపుకున్నారు. ఆయన మాట సగంలో ఆపి, అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. మొదట లేచిన చెయ్యి మా ఆయనది. నేను దాన్ని చూడనట్టే ఉన్నాను, ఏడాది ఆలస్యంగా లేచింది మరి.

ప్రెసిడెంట్ సాబ్ పెద్దమనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. క్లబ్బుకు రావడం మానలేదు, నాతో ఆడటమూ మానలేదు. నేను నా హక్కుగా పేకగదిలో కూర్చున్న మొదటి సాయంత్రం నాకు సంతోషం వేయలేదు. ఎదుటి కుర్చీలో వేరే మనిషి తన టీ మొత్తం తానే తాగుతున్నాడు.

అప్పటినుంచి ఆదివారాలు వకీల్ సాబ్ ఇంటికి పోయేదాన్ని. ఆయనకు చూపు పూర్తిగా పోయింది. ముక్కలు ఒక్కొక్కటే చేతికి ఇస్తూ ఏదేమిటో చెప్పేదాన్ని. ఆయన వరసగా చేతిలో పేర్చుకునేవాడు, సర్దకుండానే. ఇక ఆట మొదలయ్యాక మళ్లీ అడిగేవాడు కాదు. ఏ ముక్క ఎక్కడుందో వేళ్లకు తెలుసు. తప్పు ముక్క ఒక్కటి కూడా తీయగా నేను చూడలేదు. సర్దుకోని ఆ చేతిని చూసి ఒకప్పుడు ఒళ్లు మండిన నాకు, ఇప్పుడు చూస్తూ కూర్చోవాలనిపించేది. ఆ ఇంట్లో నుసి పడదు. అయినా ప్రతి ముక్కనూ లాల్చీ చేతికి తుడిచేవాడు.

బజారులో ఆయన గురించి అనుకునే మాట ఒకసారి చెప్పి, అసలు సంగతి నేను చెప్తానన్నాను. ఉండనియ్యమన్నాడు. జోడీకి తెలిస్తే చాలన్నాడు.

బస్సు బోధన్ దగ్గరికి వచ్చేసరికి ముందు సీట్లో రెండో ఆయన ఆ కథనే పక్క వరసలో ఉన్న ఇంకొకరికి చెప్తున్నాడు. రెండు అనుకొని రాణిని ఏసిండు, కండ్లు కనవడక, అని. పక్కవాడు అయ్యో అంటున్నాడు. ఇన్నేళ్లు నేను ఆయన మాట నిలబెట్టాను. జోడీకి తెలిస్తే చాలన్నాడు సరే. ఇప్పుడు ఆ జోడీలో ఒక్కదాన్నే మిగిలాను. ముందుకు వంగాను.

"కండ్లు కనవడక గాదు. ఆ రాణిని ఆయన కావాల్నని ఏసిండు," అన్నాను.

టోపీ ఆయన వెనక్కి తిరిగాడు. "నీకెట్ల ఎర్క అమ్మా?"

"పది నా చేతిల ఉండె," అన్నాను.